పేరు తెలియని చోట

పితృకార్యాల ప్రయోగ పుస్తకం ఏది తెరిచినా, పేరు ఉండాల్సిన చోట చుక్కలో, ‘అముక’ అన్న మాటో కనిపిస్తుంది. అముక గోత్రం, అముక నామధేయం. అంటే ఫలానా. చేయించే పురోహితుడు అక్కడ ఆగి కర్త వైపు చూస్తాడు. కర్త తండ్రి పేరు చెబుతాడు, తాత పేరు చెబుతాడు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి చాలామంది పక్కనున్న పెద్దల మొహం చూస్తారు. ఆ పెద్దలు కూడా లేని ఇళ్ళు ఇప్పుడు ఎక్కువైపోయాయి.

పేరు తెలియకుండా వదిలిన నువ్వులూ నీళ్ళూ ఎవరికి చేరతాయి? రాజమండ్రిలో గోదావరి ఒడ్డున ఏళ్ళ తరబడి ఈ పని చేయిస్తున్నవాణ్ణి. అంతకు ముందు సంస్కృతం పాఠం చెప్పాను. ఈ ప్రశ్న చాలాకాలంగా నా మనసులో ఉంది. దీనికి నాకు దొరికిన జవాబులో సగం ధర్మశాస్త్రంలో ఉంది. తక్కిన సగం పాత ఓడల జాబితాల్లో పేర్లు వెతుకుతూ కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు దొరికింది. ఈ రెండిటికీ చుట్టరికం ఉందని నేను నమ్ముతున్నాను, అందుకే రాస్తున్నాను.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక తండ్రీ కూతురూ మహాలయ పక్షంలో వచ్చారు. ఆయనకు డెబ్భై దాటాయి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే మధ్యలో ఇంగ్లీషు వచ్చేస్తుంది. కూతురు అక్కడ బడిలో లెక్కల టీచరు. ఆయనకు తండ్రి పేరు తెలుసు, తాత పేరు తెలుసు. ముత్తాత ఇక్కణ్ణించి ఓడెక్కి వెళ్ళిన మనిషి. అప్పలస్వామి అని ఇంట్లో చెప్పుకుంటారు. ఊరు తెలియదు. ఇంటిపేరు తెలియదు. గోత్రం తెలియదు. చెరకు తోటలో ఒప్పందం తీరాక, ఉత్తరాన బొగ్గు గనుల్లో పని దొరుకుతుందని వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదట. కనక పోయిన రోజూ తెలియదు. “గురువుగారూ, పిండం పెడతాను. కానీ ఎవరికి పెడుతున్నానో నాకు తెలియాలి కదా” అన్నాడు ఆ పెద్దాయన. నా ముందు కూర్చున్నవాళ్ళెవరూ అంత సూటిగా అడగలేదు.

డర్బన్ ఉన్న నేటాల్ సంగతి కొంత చెప్పాలి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. చెరకు తోటలకు ఒప్పంద కూలీలను అక్కడికి తీసుకెళ్ళిన మొదటి ఓడ అదే. 1911లో ఆ పద్ధతి ఆగిపోయేదాకా 1,52,184 మంది అలా వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే వెళ్ళారు. వాళ్ళలో తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పిల్లలూ మనవలూ 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని, భాష పోకుండా చూసుకోవడానికి చేయగలిగినంతా చేశారు. ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఒంటి మీద గుర్తులు. మచ్చ ఎక్కడుందో రాసిన ఆ జాబితాల్లో చాలామందికి ఇంటిపేరు లేదు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మన దగ్గర ఒక మనిషిని ఊరికి, బంధువులకి, వంశానికి కట్టి ఉంచేది ఇంటిపేరే. అది రాయకపోతే ఆ మనిషి వెనక్కి రాగలిగే దారి మూసేసినట్టే.

ఇక పేరు. అప్పలస్వామి అన్న పేరు వింటే ఉత్తరాంధ్ర మనిషి అని చెప్పొచ్చు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఆ జిల్లాల్లో అరుదు. అప్పలస్వామి, అప్పలకొండ, అప్పలనరసమ్మ, సింహాచలం. ఊరి జాడ కొంత చెప్పే పేరే, కానీ అందరూ పెట్టుకునే పేరు కనక మనిషి జాడ చెప్పదు. చెప్పినవాడు తన యాసలో చెప్పాడు, విన్న గుమాస్తా తన చెవికి ఆనినట్టు విన్నాడు, ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. పి ఒకటి వేశాడా రెండు వేశాడా? ఎల్ ఒకటా రెండా? ఎల్ తర్వాత ఎ ఉందా లేదా? స్వామి అని డబ్ల్యూ వేశాడా, సామి అని వదిలేశాడా? చివర వై రాశాడా, ఐ రాశాడా, డబుల్ ఈ రాశాడా? ఇన్ని దారులూ కలిపి లెక్క కడితే ఒక్క పేరుకి 48 రూపాలు. ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతే ఓపిక నశిస్తుంది, పైగా ఏదో ఒకటి తప్పిపోతుంది.

అక్కడ పనికొచ్చేది నక్షత్రం గుర్తు. మా మేనల్లుడు నేర్పాడు. ఎ, పి, నక్షత్రం, ఎల్, నక్షత్రం, ఎస్, నక్షత్రం, ఎం, నక్షత్రం. ఇలా కొడితే ఆ 48 రూపాలూ ఒక్కసారే తెర మీదికి వస్తాయి. నక్షత్రం ఉన్న చోట ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు, అసలు ఏ అక్షరమూ లేకపోవచ్చు. ప్రశ్న గుర్తు పెడితే మాత్రం అక్కడ సరిగ్గా ఒక్క అక్షరం ఉండాలి. కొన్ని చోట్ల నక్షత్రం బదులు శాతం గుర్తు, ప్రశ్న గుర్తు బదులు అడుగున గీత వాడతారు, పని అదే. ఏమీ లేకపోవడాన్ని కూడా ఒక సమాధానంగా ఒప్పుకునే గుణం నక్షత్రానికి గణితంలోనూ ఉంది. 1950ల్లో స్టీఫెన్ క్లీనీ అనే అమెరికా గణితవేత్త, ఒకటి ఎన్నిసార్లైనా రావచ్చు, రాకపోనూ వచ్చు అని చెప్పడానికి నక్షత్రాన్నే గుర్తుగా వాడాడు.

తెలుగులో టైపు చేసిన జాబితాల్లో వెతికేటప్పుడు ప్రశ్న గుర్తుతో ఒక చిక్కుంది, ఈ పని చేసేవాళ్ళకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను. లక్ష్మి అన్న పేరు మనకి రెండక్షరాలు. కంప్యూటరుకి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. రెండో అక్షరం చెరిగిపోయిందని ఒక్క ప్రశ్న గుర్తు పెట్టి వెతికితే లక్ష్మి దొరకదు. తెలుగు పేర్లకు నక్షత్రమే మేలు.

ఈ పద్ధతికి ఒక షరతు కూడా ఉంది. మొదటి అక్షరం తెలియాలి. నక్షత్రంతో మొదలుపెడితే చాలా చోట్ల వెతుకులాట నత్తనడక నడుస్తుంది, కొన్ని చోట్ల ఒప్పుకోనే ఒప్పుకోదు. పేర్లన్నీ మొదటి అక్షరం వరసలో పేర్చి ఉంటాయి, ఆ వరసలోకి అడుగుపెట్టే గుమ్మం మొదటి అక్షరమే. గయలో పండాల దగ్గరికి వెళ్ళినవాళ్ళకి ఇది అనుభవమే. వాళ్ళ బహీల్లో, అంటే వంశావళి పుస్తకాల్లో, తరతరాల పేర్లుంటాయి. కానీ ముందు అడిగేది మీదే ఊరు అని. ఊరు చెప్పలేని మనిషికి, తన ముత్తాత చేవ్రాలు ఆ పుస్తకాల్లోనే ఉన్నా, అవి తెరుచుకోవు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ గుర్తుని వాడేకొద్దీ, మా ధర్మశాస్త్రం తెలియనితనాన్ని ఎంత జాగ్రత్తగా చూసిందో నాకు కొత్తగా తెలిసివచ్చింది. ఎన్నోసార్లు చదివిన భాగాలే. పితరుల పేర్లు తెలియకపోతే ఏం చేయాలి? తండ్రికి పృథివీషత్ అని, తాతకు అంతరిక్షసత్ అని, ముత్తాతకు దివిషత్ అని చెప్పమన్నారు. భూమి మీద ఉన్నవాడు, నడిమి లోకంలో ఉన్నవాడు, పైలోకంలో ఉన్నవాడు. ముగ్గురికీ కలిపి ఒక్క మాట చెప్పి వదిలేయమనలేదు. పేరు పోయినా తరం పోకూడదు. ఏ తరం ఖాళీ ఆ తరానిదే. గోత్రం తెలియకపోతే కాశ్యపం చెప్పమన్నారు, ప్రాణులన్నీ కశ్యపుడి సంతానమే కనక. గోత్రం తెలియనివాడికి గోత్రం లేదని తేల్చేయకుండా, అందరికీ మూలమైన ఇంట్లోకి చేర్చుకోవడం అది.

పోయిన రోజు విషయంలో మరీ సూక్ష్మం. నెల తెలిసి తిథి తెలియకపోతే ఆ నెల అమావాస్య. తిథి తెలిసి నెల తెలియకపోతే మార్గశిరంలోనో మాఘంలోనో ఆ తిథి. దూరదేశం వెళ్ళి పోయినవాడి నెలా తిథీ రెండూ తెలియకపోతే, ఇల్లు విడిచి బయల్దేరిన నెలా తిథీ తీసుకోమన్నారు. ఏదీ తెలియనివాళ్ళకి మహాలయ అమావాస్య ఉండనే ఉంది.

బయల్దేరిన రోజు! ఈ నియమం మా అబ్బాయిల వయసు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ వేగంగా దాటేసే భాగం. తీర్థయాత్రకు పోయి రానివాళ్ళ కోసం, వర్తకానికి పోయి రానివాళ్ళ కోసం పెట్టిన మాట. ఓడల జాబితాల ముందు కూర్చున్నప్పుడు అది లక్షన్నర మంది గురించి చెప్పినట్టు వినిపించింది. ఆ మనుషులు ఎప్పుడు పోయారో వాళ్ళ ఊళ్ళలో ఎవరికీ తెలియదు. కానీ ఏ ఓడ ఎక్కారో నంబరుతో సహా ఉంది. ఓడ రేవు విడిచిన తేదీ దొరికితే ఆనాటి తిథి లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మద్రాసు రేవు విడిచిన రోజూ ఇల్లు విడిచిన రోజూ ఒకటి కాదని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ కాగితం మీద మిగిలిన బయల్దేరడం అదొక్కటే. దాన్నే తీసుకోవచ్చని నా నిర్ణయం, అడిగినవాళ్ళకి అలాగే చెబుతున్నాను.

ఈ నియమాలన్నిటిలో నేను చూసేది ఒకటే పద్ధతి. తెలిసినదాన్ని తెలిసినంత మేరా పట్టుకో. తెలియనిది ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే ఖాళీ వదులు, ఒక్క అక్షరం ముందు కాదు, ఒక్క అక్షరం వెనక కాదు. తిథి తెలియదని నెల వదిలేయకు. పేరు తెలియదని తరం వదిలేయకు.

దీని మీద న్యాయమైన ఆక్షేపణ ఒకటుంది. తర్పణం చివర, బ్రహ్మ మొదలు గడ్డిపరక దాకా ఉన్న సమస్తానికీ నీళ్ళు వదులుతాం. మన వంశంలో పుట్టి బిడ్డలు లేకుండా పోయినవాళ్ళకి వస్త్రం పిండి ఆ నీళ్ళు వదులుతాం. అందరూ అందులోనే వచ్చేస్తారు కదా, ఇంక పేర్ల కోసం పాట్లెందుకు, వెతుకులాటలెందుకు? ఒక కుర్రాడు, ఇంజనీరు, నన్నిలా అడిగాడు. అతనికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఓడల జాబితాలో ఉత్త నక్షత్రం ఒక్కటే కొట్టి చూడు. లక్షన్నర పేర్లూ వస్తాయి. అందులో నీ మనిషి ఉన్నాడన్నది నిజం. కానీ నువ్వు ఆయన్ని వెతకలేదు. సమస్తానికీ అని వదిలే నీళ్ళు మంత్రభాగంలో చివర వస్తాయి, పేరు పేరునా చెప్పడం అయిపోయాక. ఆ వరస మార్చడానికి ఎవరికీ అధికారం లేదు. వెతకగలిగి కూడా వెతకకుండా ఫలానా అనేస్తే అది బద్ధకం. వెతికి, అందక, ఫలానా అంటే అది నిజాయితీ. నోట్లోంచి వచ్చే మాట ఒకటే అయినా ఈ రెండూ ఒకటి కావు. కర్తకి ఆ తేడా తెలుసు, నా లెక్కలో పితరులకీ తెలుసు.

మంత్రంలో ఏ మాట మార్చవచ్చు, ఏది మార్చకూడదు అన్న విచారం మీమాంసకులు జైమిని సూత్రాల తొమ్మిదో అధ్యాయంలో తీరిగ్గా చేశారు. ఒక దేవతకు చెప్పిన మంత్రాన్ని మరో దేవతకు వాడవలసి వస్తే, మారేది ఆ పేరు ఒక్కటే. చుట్టూ ఉన్న మాటలు కదలవు. కదలని మాటలు ఉండబట్టే మారే మాటకు చోటు తెలుస్తుంది. ఖాళీని ఖాళీగా నిలబెట్టేవి దాని అటూ ఇటూ ఉన్న గట్టి అక్షరాలే.

ఇంతకన్నా లోతైన చిక్కు శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో మొదటి సూత్రం దగ్గరే ఎత్తుకున్నారు. తెలుసుకోవాలనుకుంటున్న బ్రహ్మం మనకు ముందే తెలుసా, తెలియదా? తెలిస్తే విచారించాల్సిన పనిలేదు. బొత్తిగా తెలియకపోతే విచారించడం సాధ్యం కాదు, దేన్ని వెతుకుతున్నామో తెలియాలి కదా. గ్రీకుదేశంలో ప్లేటో కూడా మీనో అనే సంవాదంలో ఇదే ముడి వేశాడు. ఆయన దాన్ని విప్పిన దారి వేరు, ఆత్మ పూర్వం ఎరిగినదాన్నే జ్ఞాపకం చేసుకుంటుందన్నాడు. శంకరులు చెప్పింది నాకు మరింత దగ్గరగా ఉంటుంది. నేనున్నాను అన్న ఎరుక ప్రతివాడికీ ఉంది, నేను లేనని ఎవడూ అనుకోడు. ఆ ఉన్నది ఎటువంటిది అన్న దగ్గరే అభిప్రాయభేదాలు. ఒకరు దేహమే అంటారు, ఒకరు మనస్సంటారు, ఒకరు శూన్యమంటారు. అంటే సామాన్యంగా తెలుసు, విశేషంగా తెలియదు. వెతుకులాట బతికేది ఈ రెంటి మధ్యనే.

పాఠం చెప్పిన రోజుల్లో ఈ సమాధానాన్ని నేను తర్కంగానే వివరించేవాణ్ణి. డర్బన్ పెద్దాయన ప్రశ్న విన్నాక అది బతుకులో ఎలా ఉంటుందో చూశాను. ముత్తాత ఉన్నాడని ఆయనకు తెలుసు, లేకపోతే తాను ఉండడు. అందులో సందేహానికి చోటు లేదు. ఎవరన్నది తెలియదు. ఉన్నాడన్న ఆ గట్టి ఎరుక మీద నిలబడి, ఎవరన్న ఖాళీ వైపు చెయ్యి చాపాడు. శ్రద్ధ అంటే ఇదేనని నేను అనుకుంటున్నాను. శ్రద్ధతో చేసేది కనకే శ్రాద్ధమన్నారు.

చార్వాకుడు ఒప్పుకోడు. ఇక్కడ పెట్టిన అన్నం ఎక్కడో ఉన్నవాడి ఆకలి తీరిస్తే, ఊరికి వెళ్ళేవాడికి దారిబత్తెం కట్టివ్వడం ఎందుకని అడిగాడు. అడగదగిన మాటే. పురాణాలు దానికి ఒక దృష్టాంతం చెప్పాయి. తప్పిపోయిన ఆవుల మందలో దూడ తన తల్లిని వెతికి పట్టుకున్నట్టు, మంత్రం ఆ పిండాన్ని చేరవలసినవాడికి చేరుస్తుందని. చార్వాకుడి ప్రశ్నకు ఇది రుజువు కాదు. రుజువు ఉందని నేను ఎవరితోనూ వాదించను. కానీ ఆ దూడకు తల్లి పేరు తెలియదన్న సంగతి నాకు ధైర్యం ఇస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష దగ్గరికి వస్తాను. నక్షత్రాలతో వెతికితే పదిమందికి పైగా అప్పలస్వాములు తేలారు. ఆ పెద్దాయన తాత పుట్టింది 1895 ప్రాంతంలో. అంతకు ముందు వెళ్ళినవాళ్ళు, వయసు కుదిరేవాళ్ళు, విశాఖపట్నం జిల్లా అని రాసి ఉన్నవాళ్ళు. ఇలా జల్లిస్తే నలుగురు మిగిలారు. నలుగురి తండ్రుల పేర్లూ వేరు. ఒకరి ఊరు సింహాచలానికి దగ్గర్లోది, స్పష్టంగా చదవడానికి వీలుగా ఉంది. తక్కిన ముగ్గురి ఊళ్ళూ గుమాస్తా రాతలో పోల్చుకోలేని మాటలైపోయాయి. కూతురు ఆ ఒక్క వరస మీద వేలు పెట్టి, “గురువుగారూ, ఈయనే. కొండ దగ్గర ఊరు, కొండ దేవుడి పేరు. ఇంక ఎవరై ఉంటారు?” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్ని సముద్రాలు దాటి వచ్చింది, చేతికి ఒక ఊరు అందింది, ఆ ఊరికి కారులో వెళ్ళి రావచ్చు.

అవునమ్మా అంటే ఆ క్షణం ఎంతో బాగుండేది. అనలేదు. చదవడానికి వీలుగా ఉన్నంత మాత్రాన ఆయన మీవాడు అయిపోడని చెప్పాను. మనకు కనబడిన ఊరు కనక మనసు అక్కడ వాలింది. రేపు మీ నాన్నగారు ఆ తండ్రి పేరుతో, ఆ ఊరి పేరుతో సంకల్పం చెబితే, మీ ఇంట్లో పిల్లలు దాన్నే నేర్చుకుంటారు. తరవాతి తరానికి అది రాతి మీద రాత. అసలు మనిషి బొగ్గు గనుల దగ్గర ఒకసారి పోయాడు, మనం ఇంకో మనిషిని ఆయన చోట కూర్చోబెడితే రెండోసారి పోతాడు. ఖాళీ ఉంటే ఎవరో ఒకరు మళ్ళీ వెతుకుతారు. తప్పుడు పేరుతో నింపితే ఇంకెవరూ వెతకరు.

తాళపత్రాలు తిరగరాసినవాళ్ళు పురుగు తిన్న చోట ఏం చేశారో చూడండి. మంచి లేఖకుడు ఎన్ని అక్షరాలు పోయాయో అంత మేర వదిలి ముందుకు సాగాడు. గ్రంథపాతం అని గుర్తు పెట్టాడు. ఛందస్సు తెలిసినవాడే, కావాలంటే అక్కడ అందమైన పదమొకటి కూర్చగలడు. కూర్చినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ వల్ల అసలు పాఠం ఏదో తేలక పరిష్కర్తలు ఎంత అవస్థ పడ్డారో ఆ పని చేసినవాళ్ళకి తెలుసు. శాసనాలు అచ్చువేసేవాళ్ళు కూడా చెక్కుపోయిన అక్షరాల చోట చుక్కలు పెడతారు. ఆ చుక్కలు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఇంతవరకే నా కంటికి కనబడింది అని చెప్పడానికి పండితుడికి కూడా గుండెబలం కావాలి.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి మాత్రం తల ఊపాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. “ఈ నలుగురిలో ముగ్గురైతే మావాళ్ళు కారు కదా. వాళ్ళ కోసం ఎవరైనా వచ్చారా?”

వెతికితే పొరబాటున తగిలిన పేర్లను మనం పక్కకు నెట్టేస్తాం. మనకు కావలసింది కాదు కనక. ఆ పెద్దాయన నెట్టలేదు. తన ముత్తాత కోసం వేసిన వలలో పడ్డ ఇంకొకరి ముత్తాతల్ని మనుషులుగా చూశాడు. ఎవరికి తెలుసు, ఆ ముగ్గురి ఇంటివాళ్ళూ ఇంకో పేరు కొట్టుకుంటూ ఎక్కడో కూర్చుని ఉండొచ్చు, లేదా వాళ్ళ ఇళ్ళలో వెతికేవాళ్ళే మిగిలి ఉండకపోవచ్చు. కారుణ్య పితృలని మనకు ఒక వరస ఉంది. పినతండ్రులూ మేనమామలూ మొదలుకొని, గురువు, స్నేహితుడు, ఇంట్లో పనిచేసినవాడు దాకా పిండం అందుకుంటారు. పేరులోనే ఉంది వాళ్ళ అర్హత, మన కరుణే. పుష్కరాల్లో అందరూ చేసేదే. చుట్టరికం తెలియని మనిషికి ఆ వరసలో చోటుందా అని ఆలోచించాను. ఉందని తేల్చుకున్నాను.

అమావాస్య నాడు ఇలా చేయించాను. తండ్రికి, తాతకు పేర్లతో. ముత్తాతకు ఇంట్లో పిలుచుకున్న పేరు అప్పలస్వామి, కాశ్యప గోత్రం, ఊరి ప్రస్తావన లేదు. ఆయన భార్య పేరు కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు, అక్కడ ఆ తరానికి చెప్పవలసిన మాటే చెప్పించాను. ఆడవాళ్ళ పేర్లు ఇలా మగవాళ్ళ పేర్లకంటే ఒక తరం ముందే పోతాయి, చేయించే ప్రతి ఇంట్లోనూ చూస్తున్నాను. దీన్ని గురించి విడిగా రాయాలి. పిండాలు అయ్యాక, జాబితాలో మిగిలిన ఆ నలుగురికీ, గుమాస్తా రాసిన రూపంలోనే పేరు, తండ్రి పేరు చదివి, తిలోదకం వదిలించాను. ఆ నలుగురిలో ఒకరు ఆయన ముత్తాత కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. రెండు విధాలా ఆ నీళ్ళు వృథా కావు. ఊరు చదవలేనిచోట చదవలేదు.

తిరిగి వెళ్ళాక ఆమె వెతకడం ఆపలేదు, మరింత పద్ధతిగా మొదలుపెట్టింది. తోటల రికార్డుల్లో, పెళ్ళిళ్ళ నమోదుల్లో, గని కూలీల పట్టీల్లో ముత్తాత నంబరు ఎక్కడైనా దొరుకుతుందేమోనని చూస్తోంది. నంబరు దొరికితే నక్షత్రాలతో పనిలేదు, మనిషి ఒక్కడే తేలతాడు, ఓడ తేలుతుంది, బయల్దేరిన తిథి తేలుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు. అప్పటికి తండ్రిని మళ్ళీ తీసుకొస్తానంది.

మొన్న ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. జాబితాలో ఊరు చదవలేకపోయిన ఆ ముగ్గురిలో ఒకరి వలస అనుమతి పత్రం నకలు సంపాదించిందట. గ్రామం గడిలో మొదటి అక్షరం బి, చివర పేట అని ఉంది, మధ్యలో సిరా అలుక్కుపోయింది. మూడు అక్షరాలు ఉండొచ్చు, నాలుగు ఉండొచ్చు. మధ్యలో ఏమై ఉంటుందో ఊహించమని అడగలేదు, ఉన్నది ఉన్నట్టు పంపింది. విజయనగరం, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల గ్రామాల పట్టిక నా దగ్గర ఉంది. బి తో మొదలై పేటతో ముగిసే ఊళ్ళన్నీ ఒక కాగితం మీద ఎక్కిస్తున్నాను. పూర్తి కాగానే ఆమెకు పంపుతాను, ఆ ఊళ్ళవాళ్ళు ఎవరైనా నా దగ్గరికి కార్యానికి వస్తే, మీ వంశంలో ఓడెక్కి వెళ్ళి రాని అప్పలస్వామి ఉన్నాడా అని అడుగుతాను.